మధ్యాహ్న నిద్రా నివారణ కన్వీనరు

హైమవతికి ఈ లోకంలో తన సొంతం అనుకోదగ్గవి రెండే ఉన్నాయి. ఒకటి బి.ఏ. పట్టా. అది బీరువాలో పెళ్లిచీర మడత కింద ఉంది. రెండోది మధ్యాహ్నం రెండింటికి మొదలై మూడుంపావుకు ముగిసే నిద్ర. మొదటిదాన్ని చూపించమని ఇరవై రెండేళ్లుగా ఎవరూ అడగలేదు. రెండోదాని సంగతి ఎవరికీ తెలియదు. అందువల్ల రెండూ క్షేమంగా ఉన్నాయి.

ఆ నిద్రకో పద్ధతి ఉంది. భోజనాలయ్యాక గిన్నెలు సింకులో నానేసి, హాల్లో ఫ్యాను కిందికి చాప లాక్కుని, ఎడమ చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగిందంటే, వీధిలో ఉల్లిపాయల బండి మైకు మూడోసారి అరిచేలోగా ఆవిడ ఈ లోకంలో ఉండేది కాదు. రాత్రి నిద్ర ఉందిగా అంటారేమో. రాత్రి నిద్ర సంసారానిది. అందులో భర్త గోవర్ధనం గురక ఉంటుంది. కూతురి పరీక్షల అలారం ఉంటుంది. పాలు తోడు పెట్టానా లేదా అన్న అనుమానం కూడా ఉంటుంది. మధ్యాహ్నం నిద్ర ఒక్కటే అచ్చంగా ఆవిడది.

అంతటి నిద్రనూ ఆవిడ తన నోటితో తనే, అదీ మైకులో, పోగొట్టుకుంది.

గోదావరి జిల్లాల్లో ఒక పట్నం. పేరెందుకు గాని, అందులో నందనవనం అని ఐదంతస్తుల అపార్టుమెంటు. ఇరవై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఒక సంక్షేమ సంఘం. లిఫ్టు అప్పుడప్పుడూ ఆగేది గాని సంఘం ఏనాడూ ఆగిన పాపాన పోలేదు. దాని అధ్యక్షులు దాట్ల పేర్రాజుగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా ముప్పై ఏళ్లు కాలవలకు నీళ్లు వదిలి రిటైరయ్యారు. కాలవలు చేతిలోంచి పోయినా వదిలే అలవాటు పోలేదు. ఇప్పుడు సర్క్యులర్లు వదులుతున్నారు.

ఏటా వేసవిలో సంఘం ఒక ఆరోగ్య సభ పెడుతుంది. అందులో ఆడవాళ్లలో ఒకరు మాట్లాడాలి. పోయిన ఏడాది పేర్రాజుగారి భార్య శేషారత్నం కరివేపాకు మీద మాట్లాడింది. ఈ ఏడాది వంతు హైమవతిది. తనకు బాగా తెలిసిన విషయం ఏమిటా అని ఆలోచిస్తే నిద్ర తప్ప మరోటి తట్టలేదు. ఫోనులో వెతికి, డాక్టర్లు రాసినవి కాగితం మీద ఎక్కించి, రెండు రాత్రులు మేలుకుని నిద్ర గొప్పతనం మీద ప్రసంగం తయారు చేసింది.

ప్రసంగం బాగానే నడిచింది. పెద్దవాళ్లకు రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర కావాలంది. నిద్ర చాలకపోతే బీపీ పెరుగుతుందని, షుగరు అదుపు తప్పుతుందని, మతిమరుపు వస్తుందని, అన్నిటికంటే ముందు నోరు అదుపు తప్పుతుందని అంది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. రోజూ ఒకే వేళకు పడుకోవాలంది, పడుకునే ముందు ఫోను పక్కన పెట్టాలంది. చెప్పిన ప్రతి మాటా నిజం. అక్కడితో ఆపి దిగిపోతే ఈ కథ లేదు. కాని మైకు చేతికి అందిన మనిషి చప్పట్ల మధ్య దిగడం ఎక్కడైనా ఉందా? కాగితం వెనకవైపు చివర ఒక వాక్యం మిగిలి ఉంటే అదీ గట్టిగా చదివేసింది.

"మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాలకు మించి నిద్రపోతే రాత్రి నిద్ర చెడుతుంది!"

చదివాక గాని తెలియలేదు, తాను ఏం చదివిందో.

పేర్రాజుగారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్లలో పాత ఆనకట్ట ఏదో కనిపించినంత వెలుగు.

"అమ్మా, ఇన్నేళ్లు నాకు తట్టని సంగతి చెప్పారు. నిద్ర కూడా నీరు లాంటిదే. ఉన్నదాన్ని వేళాపాళా లేకుండా ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు వాడుకుంటున్నారు. దీనికో పంపిణీ వ్యవస్థ ఉండాలి!"

నాలుగు రోజుల్లో లిఫ్టు పక్కన బోర్డు మీద సర్క్యులరు వెలిసింది.

"ఇందుమూలముగా నివాసితులెల్లరకు తెలియజేయడమేమనగా, ప్రతి దినము రాత్రి పది గంటలకు నిద్ర విడుదల చేయబడి, మరునాడు ఉదయం ఏడు గంటలకు నిలుపుదల చేయబడును. సదరు మధ్యకాలమున కుక్కరు కూత, మిక్సీ, రోలు మరియు తత్సమాన శబ్దములు నిషిద్ధము. నిద్ర కొలత నిమిత్తము ఫ్లాటు ఒక్కింటికి ఒక చేతి బ్యాండు సరఫరా చేయబడును. దానిని కుటుంబ యజమాని ధరించవలెను. మధ్యాహ్న నిద్ర ఇరువది నిమిషములకు మించరాదు. ఈ చివరి నియమము అమలు బాధ్యత మధ్యాహ్న నిద్రా నివారణ ఉపసంఘమునకు అప్పగించడమైనది. కన్వీనరు: శ్రీమతి ఎం. హైమవతి, బి.ఏ."

ఆవిడ ఆ సర్క్యులరు మూడుసార్లు చదివింది. మొదటిసారి ఆ పేరు వేరెవరిదో అనుకుంది. రెండోసారి పేర్రాజుగారి ఇంటికెళ్లి "నా వల్ల కాదండీ" అని చెప్పేద్దామనుకుంది. మూడోసారి "బి.ఏ." అన్న రెండక్షరాల దగ్గర కన్ను ఆగిపోయింది. ఇరవై రెండేళ్ల తరవాత అచ్చులో చూసుకుంటోంది. దేశాలకు దేశాలు ఇలాగే చేతులు మారి ఉంటాయి. చెప్పులు విడిచి ఇంట్లోకి వచ్చేసింది.

ఇక నియమాలు పనిచెయ్యడం మొదలుపెట్టాయి.

గోవర్ధనం ఆఫీసుకు ఏడున్నరకి బయల్దేరాలి. కూతురు శ్రావ్య కాలేజీ బస్సు ఏడుంపావుకి. ఏడింటిదాకా కుక్కరు కూయకూడదు. కూయని కుక్కరు కంటే మామూలు గిన్నె నయం. కందిపప్పు గిన్నెలో మెత్తబడాలంటే గంటంపావు పడుతుంది, అదీ పప్పు మంచిదైతే. అన్నం అత్తెసరు పెడితే దగ్గర నిలబడాలి. అందుకని హైమవతి నాలుగింటికి లేచి, దొంగలా మునివేళ్ల మీద వంటింట్లోకి నడిచి, గరిటె గిన్నెకు తగలకుండా కలుపుతూ నందనవనం సుఖనిద్రను కాపాడేది. పచ్చడి రుబ్బే వీల్లేదు కాబట్టి కారప్పొడి.

"అమ్మా, వరసగా పన్నెండో రోజు కారప్పొడి," అంది శ్రావ్య.

"పదమూడో రోజు కూడా అదేనే. అలవాటు చేసుకో."

ప్రతి ఉదయం ఫ్లాట్లవారీ నిద్ర మార్కులు బోర్డెక్కేవి. గోవర్ధనం ఇంటర్ రిజల్ట్స్ చూసుకునే కుర్రాడిలా దాని ముందు నిలబడేవాడు.

"హైమా! చూశావా, తొంభై నాలుగు! మనం మూడో స్థానం!"

"మనం అంటే?"

"మన ఫ్లాటు."

"అయితే నా నిద్ర కూడా అందులో కలిసిందా అండీ?"

"ఎలా కలుస్తుందోయ్? బ్యాండు నా చేతికుంది. నిద్రపోయింది నేను. స్థానం మాత్రం ఇద్దరిదీ."

ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో చాలా విషయాలు అలాగే ఇద్దరివీ.

రాత్రి నిద్ర అలా తెల్లవారుజాము వైపు నుంచి తరిగిపోయింది. పోనీ మధ్యాహ్నం ఉందిగా అంటే, సరిగ్గా ఆ వేళకే ఆవిడ డ్యూటీ. రెండున్నరకి రిజిస్టరు చంకన పెట్టుకుని ఇంటింటి గంటా కొట్టాలి. పది అంకెలు లెక్కపెట్టేలోగా తలుపు తెరుచుకోవాలి. తెరిచినావిడ బుగ్గ మీద చాప అచ్చు, దిండు మడత, జుట్టులో చెదురు ఉన్నాయేమో చూడాలి. ఉంటే పేరు రాసి బోర్డు కెక్కించాలి. ఇరవై ఫ్లాట్లలో ఎవరూ నిద్రపోవడం లేదని రూఢి చేసుకోవడానికి, నిద్ర లేక తూలుతూ తిరిగే ఒకే ఒక్క మనిషి హైమవతి.

మొదటివారం నలుగుర్ని పట్టుకుంది. అబద్ధమెందుకు, అందులో విధి నిర్వహణ కొంతా, నాకు లేని నిద్ర వీళ్లకెందుకు అన్న కసి కొంతా ఉంది. పాళ్లు ఎంతెంత అని అడిగితే ఆవిడ రెండోదాన్ని కాస్త తగ్గించి చెబుతుంది. పేర్లు బోర్డెక్కాక నందనవనంలో గాలి మారింది. సాయంత్రం మెట్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లు ఆవిడ రాగానే వంకాయల ధర గురించి మాట్లాడుకోవడం మొదలెట్టేవాళ్లు. శేషారత్నం కుండీలోని కరివేపాకు అందరికీ రెమ్మ రెమ్మ వెళ్లేది. ఈవిడకి మాత్రం "చెట్టు బెట్టకొచ్చిందండీ."

మూడోవారానికి ఆవిడకి తన ప్రసంగంలోని లక్షణాలన్నీ వరసగా వచ్చాయి. మతిమరుపు వచ్చింది. నోరు అదుపు తప్పింది. ఒకరోజు గోవర్ధనం ఆఫీసులో క్యారియరు విప్పితే పప్పు ఉండాల్సిన గిన్నెలో దోసెల పిండి ఉంది.

"నీకు నిద్ర చాలడం లేదనుకుంటా," అన్నాడాయన ఇంటికొచ్చి, ఎంతో ప్రేమగా. "క్రమశిక్షణ లేక అలా అవుతుంది. నన్ను చూడు. పది కొట్టేసరికి ఠంచనుగా పడుకుంటాను."

ఆవిడ ఆయన్ని చూసింది. తరవాత చేతిలో ఉన్న అట్లకాడని చూసింది. చదువుకున్నది కాబట్టి అట్లకాడని పక్కన పెట్టింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం మూడో అంతస్తులో రత్నమాణిక్యం ఇంటి గంట కొట్టింది. రత్నమాణిక్యం భర్తది మందుల షాపు, ఆవిడ పుట్టినూరు అమలాపురం దగ్గర. మాటలో ఆ కొబ్బరితోటల సాగదీత ఇంకా పోలేదు. తలుపు పదిహేడు అంకెలకు తెరుచుకుంది. కుడిబుగ్గ మీద చాప అల్లిక దారంతో కుట్టినంత స్పష్టంగా ఉంది.

"నిద్రపోతున్నారా వదినగారూ?"

"ఆయ్, లేదండీ. పుస్తకం చదువుకుంటున్నానండి."

"పుస్తకం మీద బుగ్గ పెట్టా?"

"కళ్లజోడు విరిగిందండీ. దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాను."

"ఏదీ పుస్తకం?"

"బాగా నిద్రొచ్చే పుస్తకమండీ, మీకెందుకు చెప్పండి, పాపం. రండి, లోపలికొచ్చి కూర్చుని రాసుకోండి నా పేరు. నిలబడి రాస్తే దస్తూరీ వంకరొస్తుంది, మళ్లీ బోర్డు మీద బాగోదు."

హైమవతి లోపలికెళ్లింది. కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లి ఉన్నాయి. గది చల్లగా, చీకటిగా, మట్టి వాసనగా ఉంది. చాప మీద కూర్చుని రిజిస్టరు తెరిచింది. "ఫ్లాటు నంబరు 302, ర" అని రాసింది. "ర" తరవాత అక్షరం ఏదో గుర్తుకు తెచ్చుకుందామని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి గడియారం మూడూ నలభై చూపిస్తోంది. తలకింద దిండు ఉంది. తన కళ్లజోడు ఎవరో తీసి రిజిస్టరు మీద భద్రంగా పెట్టారు. పక్కన రత్నమాణిక్యం గోడవైపు తిరిగి, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతోంది.

హైమవతికి ఒంట్లో ప్రతి ఎముకా దాని చోటికి అది తిరిగివచ్చినట్టుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ మాత్రం అది వట్టివేళ్ల చలువ అనే చెబుతుంది. రిజిస్టరు తీసి "ర" కొట్టేసి, "302: తనిఖీ పూర్తి. ఎవరూ నిద్రపోవడం లేదు" అని రాసి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేసింది.

ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కాని సాయంత్రానికి కరివేపాకు చెట్టు చిగిర్చింది. శేషారత్నం స్వయంగా గుప్పెడు తెచ్చి ఇచ్చింది.

"మాదెప్పుడండీ తనిఖీ? ఆ వేళ మా ఆయన సంఘం గదిలో ఉంటారు. మా ఇంట్లో దూది పరుపు ఉంది."

అక్కడినుంచి తనిఖీలు శ్రద్ధగా జరిగాయి. రోజుకొక ఇల్లు. రెండున్నరకి గంట కొట్టడం, లోపలికి వెళ్లడం, తలుపు వెయ్యడం. ఎదురింటివాళ్లూ పక్కింటివాళ్లూ ఆ పూట తనిఖీ తమ ఇంట్లో జరగదని రూఢి అయ్యాక నిశ్చింతగా పడుకునేవాళ్లు. హైమవతికి ఇరవై ఇళ్ల నిద్రలోనూ నైపుణ్యం వచ్చేసింది. 104లో ఫ్యాను కిర్రుమంటుంది గాని లయగా కిర్రుమంటుంది. 203లో చాప బాగుంటుంది, గోడగడియారం మంచిది కాదు. రిజిస్టరులో మాత్రం నెలంతా ఒకటే మాట: ఎవరూ నిద్రపోవడం లేదు.

ఆ రిజిస్టరు చూసి పేర్రాజుగారు పొంగిపోయారు. ఆ పొంగులో పట్టణ ఆరోగ్య విభాగానికి ఒక అర్జీ పెట్టారు. వాళ్ల దగ్గర "ఆదర్శ నిద్రా నివాస సముదాయము" అని ఒక ఇత్తడి ఫలకం ఉందట. అప్పటిదాకా ఎవరూ అడగలేదట. వారంలో నిద్రా స్వాస్థ్య సమన్వయాధికారి విరూపాక్షంగారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది.

అధికారి వస్తే భోజనం పెట్టాలి. ఇరవై మందికి వంట పేర్రాజుగారింట్లో. ఏడింటిదాకా చప్పుడు చెయ్యకూడదు కాబట్టి ఆడవాళ్లు మూడింటికే లేచి నిశ్శబ్దంగా కూరలు తరిగారు. పులిహోర, గారెలు, పనసపొట్టు కూర, ఆవపెట్టిన అరటికాయ, గడ్డపెరుగు. విరూపాక్షంగారు ఒక్కో పదార్థాన్నీ సమన్వయంతో స్వీకరించి, ఆకు మడిచి, "రికార్డుల పరిశీలన చేపడదాం" అన్నారు. మగవాళ్లంతా సెల్లారులోని సంఘం గదికి దిగారు.

ఆ రికార్డులు చూడాలంటే రెండు గంటలు పడుతుంది. ఎంగిళ్లు ఎత్తి, నేల తుడిచి, హైమవతీ శేషారత్నం రత్నమాణిక్యం ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎక్కడ ఒరగాలి? ఏ ఇంటికైనా తనిఖీకి రావచ్చు. అధ్యక్షుడి ఇల్లు తనిఖీ చేసేవాడు మాత్రం పుట్టలేదు కదా.

"ఇక్కడే నడుం వాల్చేద్దామండీ. ఇంతకంటే భద్రమైన చోటు జిల్లాలో లేదు," అంది రత్నమాణిక్యం. కన్వీనరు ఆ ప్రతిపాదనను ఆమోదించింది.

సెల్లారులో ఉక్కపోసింది. విరూపాక్షంగారు రిజిస్టరు మూసి, "రాజుగారూ, కాగితం మీద అద్భుతంగా ఉంది. ఇక క్షేత్రస్థాయిలో ఒక నమూనా గృహాన్ని దర్శిస్తాను. అధ్యక్షులవారి గృహం కంటే నమూనా ఏముంటుంది?" అన్నారు.

తలుపు చప్పుడుకే హైమవతికి మెలకువ వచ్చింది. కళ్లు తెరవలేదు. చల్లటి చాప మీద, ఇద్దరి మధ్యలో, ఉన్నదున్నట్టు పడుకునే ఉంది. ముందు పేర్రాజుగారి గొంతు వినిపించింది, అంత చిన్నగా అది ఎప్పుడూ వినలేదు.

"ఇది... మా ఇల్లండి."

"ఆ మాట అడగలేదు రాజుగారూ. వీరు?"

"మా ఆవిడండి. అటుపక్క మూడో అంతస్తు ఆవిడ. మధ్యలో... మధ్యలో కన్వీనరుగారండి."

రేపు బోర్డు మీద తన పేరు ఉంటుంది. బి.ఏ.తో సహా. నలుగురి పేర్లు తనే ఎక్కించింది, ఐదోది ఎక్కించకపోతే న్యాయం కాదు. పేరు పోతే పోయింది. ఆ తరవాత ఈ పదవికి నిజంగా తనిఖీ చేసేవాడెవడో వస్తాడు. ఇరవై ఇళ్ల చాపలూ చుట్ట చుట్టుకుపోతాయి. నాలుగింటి పప్పుగిన్నె మాత్రం మిగులుతుంది. కంటిరెప్ప లోపల ఆవిడకి ఆ గిన్నె స్పష్టంగా కనిపించింది, ఇంకా ఉడకని పప్పుతో.

"అయితే దీన్ని వెంటనే నిద్రగా పరిగణించలేం," అన్నారు విరూపాక్షంగారు.

"అదేంటండీ?"

"నియమంలో ఏముంది? ఇరువది నిమిషములకు మించరాదు. మించిందని రుజువేది? అధికారి ఇరవై ఒక్క నిమిషాలపాటు, ఎడతెగకుండా, కంటితో స్వయంగా వీక్షించాలి. వేరొకరి వీక్షణ చెల్లదు. కుర్చీ వెయ్యండి. కుర్చీ ఎందుకులెండి, ఈ సోఫా బావుంది. ఇప్పుడు సమయం రెండూ నలభై ఒకటి. వీక్షణ ప్రారంభం."

సోఫా మూలిగింది. హైమవతి మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు లేస్తే నేరం రుజువు కాదు. కాని లేస్తే కళ్లు తెరవాలి, తెరిస్తే పేర్రాజుగారి మొహం చూడాలి. పులిహోర, గారెలు, పనసపొట్టు కూర, గడ్డపెరుగు: ఆవిడ తను వడ్డించినవన్నీ ఒకసారి తలుచుకుంది. గారెలు అధికారిగారు తొమ్మిది తిన్నారు. దేవుణ్ని నమ్ముకున్నా గారెల్ని నమ్ముకున్నా ఒకటే అనుకుంది.

ఏడో నిమిషంలో సోఫాలోంచి ఒక గురక వచ్చింది. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న చెవికి ఆ గురక రకం ఇట్టే తెలిసిపోయింది. ఇది పది నిమిషాల గురక కాదు, గంటన్నర గురక. ఆవిడ ఒక కన్ను తెరిచింది. విరూపాక్షంగారి గడియారం చెయ్యి పొట్ట మీద పైకీ కిందికీ ఊగుతోంది. పేర్రాజుగారు గది మధ్యలో, అధికారిని లేపే నియమం ఏ మాన్యువల్లోనూ లేక, నిలబడిపోయి ఉన్నారు.

"హైమవతిగారూ," అన్నారు గుసగుసగా. "మీరేనా?"

"నేనేనండి."

"కన్వీనరు మీరే కదా?"

"అదీ నేనేనండి."

"మరి ఆ రిజిస్టరు?"

ఈలోగా శేషారత్నం లేచి కూర్చుంది.

"కాస్త గొంతు తగ్గించండి. ఆయన పడుకున్నారు," అంది విరూపాక్షంగారిని చూపించి.

"శేషారత్నం! నువ్వు కూడానా? నా ఇంట్లోనా? తొంభై ఆరు మార్కులు తెచ్చుకున్న ఇంట్లో?"

"ఆ తొంభై ఆరూ ఎక్కణ్ణుంచొచ్చాయనుకుంటున్నారండీ? ఇవాళ మూడింటికి లేచాను. నిన్న మూడున్నరకి. మీకు కూత వినపడకూడదని గిన్నెలో పప్పుకి కాపలా కాస్తున్నాను. నా బ్యాండేది? ఫ్లాటుకొకటేనట! మీరు మేలుకుని ఉంటే తెలిసేదండీ, నేను మేలుకుని ఉన్నానని."

పేర్రాజుగారు నోరు తెరిచారు. ఏదో సర్క్యులరు భాష పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. హైమవతికి అప్పుడు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. కంటినిండా నిద్రపోయినవాళ్లకి వచ్చే ధైర్యం అది.

"రాజుగారూ, మీకు తెలియంది కాదు. కాలవ తల దగ్గరవాళ్లు తూములన్నీ ఎత్తేసుకుంటే శివారు చేలకి ఏం అందుతుందండీ?"

ముప్పై ఏళ్లలో ఆ మాట పేర్రాజుగారికి చాలామంది చెప్పి ఉంటారు, ఎండిన నారు చేత్తో పట్టుకుని, ఆఫీసు వరండాలో నిలబడి. ఆయన చూపు చాప మీదినుంచి సోఫా మీదికీ, మళ్లీ చాప మీదికీ తిరిగింది.

"శివారు ఆయకట్టు," అన్నారు చివరికి, తనలో తను.

"మీరు డ్యూటీలో ఉన్నప్పుడు శివారు రైతు రహస్యంగా గట్టుకి గండి కొట్టుకుంటే ఏం చేసేవారండీ?" అంది రత్నమాణిక్యం, ఆవలింత ఆపుకుంటూ. "మా నాన్న కొట్టేవోరండి, అందుకని అడుగుతున్నాను."

"కేసు రాయమని పైనుంచి ఆర్డరు ఉండేదమ్మా."

"రాసేవారా?"

"ఆ పూట జీపు అటు పోనిచ్చేవాణ్ణి కాదు."

ఆయన వంగి చెప్పులు చేతిలోకి తీసుకున్నారు. మునివేళ్ల మీద గుమ్మందాకా నడిచారు. అక్కడ ఒకసారి వెనక్కి తిరిగి, ఫ్యాను ఒక నంబరు పెంచి, తలుపు దగ్గరికేసి బయట కాపలాకి నిలబడ్డారు. ఎవరో అప్పుడే లిఫ్టులోంచి దిగి ఏదో అడగబోతే "ష్! లోపల వీక్షణ జరుగుతోంది" అనడం వినిపించింది. హైమవతి ఎడమ చెయ్యి తలకింద పెట్టుకుని మళ్లీ ఒరిగింది.

విరూపాక్షంగారు నాలుగూ పదికి లేచారు. అప్పటికి గదిలో ఎవరూ లేరు. బల్ల మీద వేడి కాఫీ ఉంది. ఆయన గడియారం చూసుకున్నారు, కాఫీ చూశారు, నివేదిక తీసి నిజాయితీగా రాశారు: "మధ్యాహ్న నిద్ర: అధికారి వీక్షించినంత మేరకు కానరాలేదు."

ఫలకం వచ్చింది. లిఫ్టు పక్కన మేకు కొట్టి తగిలించారు, మధ్యాహ్నం పూట కాకుండా.

పేర్రాజుగారు మనసుకి తగిలిన మాట మరిచిపోయే మనిషి కాదు. ఫలకం తగిలించిన మర్నాడే సవరణ సర్క్యులరు వదిలారు: బ్యాండు ఇకపై ఒక్కరే కాక, కుటుంబ సభ్యులు వంతులవారీగా ధరించవలెను. మొదటివారం ఇల్లాళ్ల వంతు. ఆ వారం గోవర్ధనం బోర్డు ముందు నిలబడి తన ఫ్లాటు అంకెని రెండుసార్లు చూసుకున్నాడు. ముప్పై ఒకటి. బోర్డు మీద యాభై దాటిన ఫ్లాటే లేదు. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. వాడివేడి చర్చ జరిగింది. ఇలాగైతే ఫలకం వెనక్కి తీసుకుంటారని తేలింది. సభ ఏకగ్రీవంగా ఒక పరిష్కారానికి వచ్చింది: బ్యాండ్లు మళ్లీ యజమానులకే ఇచ్చేశారు. మర్నాటికల్లా అందరికీ తొంభై దాటాయి. పేర్రాజుగారు ఒక్కరే వ్యతిరేకంగా చెయ్యెత్తారు. ఏకగ్రీవం కాబట్టి దాన్ని మినిట్స్‌లో రాయలేదు. ఆయన ఇంట్లో మాత్రం ఆ రోజునుంచి ఆరింటికే కుక్కరు కూస్తోంది. ఎవరైనా అడిగితే, కాలవ లాకుల దగ్గర చేసే అలారం పరీక్ష లాంటిది అంటున్నారు.

ఆ ముప్పై ఒకటి చూసిన తరవాత ఒక రాత్రి గోవర్ధనం తొమ్మిదిన్నరకి వంటింట్లోకి వచ్చి, ఎప్పుడూ లేనిది, "పప్పు ఇప్పుడే ఉడికించి పెట్టుకుంటే పొద్దున్న పని తగ్గుతుందేమో హైమా? కుక్కరు నేను చూస్తాలే, మూడు కూతలేగా?" అన్నాడు. నాలుగు కూసేదాకా చూసి అడుగంటించాడు. అడుగంటిన పప్పు అంత రుచిగా ఉంటుందని ఆవిడకి అంతకు ముందు తెలియదు.

నెల తిరిగేసరికి ఆరోగ్య విభాగం నుంచి ఉత్తర్వు వచ్చింది. నందనవనం పద్ధతి ఆదర్శప్రాయం కనుక దానిని పట్టణంలోని మరి పధ్నాలుగు సముదాయములకు విస్తరింపజేయడమైనది. మధ్యాహ్న తనిఖీల నిమిత్తం పట్టణ కన్వీనరుగా శ్రీమతి హైమవతిని నియమించడమైనది. ఉత్తర్వు అందజెయ్యడానికి విరూపాక్షంగారు స్వయంగా వచ్చారు. సెల్లారులో చిన్న సభ జరిగింది. ఆడవాళ్లంతా ముందు వరసలో కూర్చున్నారు, అందరి కళ్లూ తేటగా ఉన్నాయి.

"ఇది చాలా గురుతరమైన బాధ్యతమ్మా," అన్నారు విరూపాక్షంగారు. "పధ్నాలుగు సముదాయాలంటే దాదాపు మూడొందల గృహాలు. ప్రతి మధ్యాహ్నం ఎండలో వెళ్లాలి. ఒక్కొక్క ఇంట్లో తగినంత సమయం గడపాలి. మీ ఆరోగ్యం సహకరిస్తుందా?"

మూడొందల ఇళ్లు. హైమవతి తలొంచుకుంది, సిగ్గుతో అనుకున్నారందరూ. మూడొందల చాపలు. దూది పరుపులు ఎన్నో, వట్టివేళ్ల తడికలు ఎన్నో. రోజుకొకటి చొప్పున ఇంచుమించు ఏడాదిదాకా మళ్లీ అదే ఇంటికి వెళ్లనక్కర్లేదు. నాలుగింటికి లేచే ఆడవాళ్లు అక్కడా ఉంటారు, తలుపు పదిహేడు అంకెలకు తెరిచేవాళ్లు.

"ప్రజాహితం కోసం తప్పుతుందా అండీ," అంది మెల్లగా.

చప్పట్లు మోగాయి. రత్నమాణిక్యం అందరికంటే గట్టిగా కొట్టింది.

"మీకేమైనా సదుపాయాలు కావాలంటే సంకోచించకుండా అడగండి. వాహనమా? గొడుగా? సహాయకులా?"

హైమవతి తలెత్తింది.

"అవేమీ వద్దండి. ఒక్కటి మాత్రం కనుక్కుని చెప్పండి. ఆ పధ్నాలుగు అపార్టుమెంట్లలోనూ మధ్యాహ్నం కరెంటు పోతే జనరేటరు ఉంటుందా అండీ?"

"ఎందుకమ్మా?"

"మధ్యలో ఫ్యాను ఆగితే డ్యూటీకి భంగమండీ."

విరూపాక్షంగారు ఆవిడ అంకితభావానికి చలించిపోయి, జేబులోంచి పెన్ను తీసి, ఫైలులో "అత్యవసరం" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.